ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), పారామెడిక్ విద్యార్థులు రివిజన్ ఎలా చేయాలి? షాక్ దగ్గర తొందరపడకండి

పరీక్ష దగ్గరపడగానే చాలామంది పుస్తకం మొదటి పేజీ తీసి అనాటమీ నుంచి మొదలుపెడతారు. ఎముకల పేర్లన్నీ వచ్చేస్తాయి. ట్రామా, ప్రసూతి, చిన్నపిల్లల పాఠాల దగ్గరికి వచ్చేసరికి టైమ్ ఉండదు. 108 బండి ఎక్కాక రోజూ ఎదురయ్యేవి ఇవే. అందుకే చాప్టర్ల వరుసలో చదవొద్దు. పేషెంట్ చెప్పే బాధను బట్టి చదవండి: ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ లేదు, రక్తం పోతోంది, ఫిట్స్, పాము కాటు, పురిటి నొప్పులు. ఒక్కో బాధ కింద అనాటమీ, ఫిజియాలజీ, మందులు అన్నీ వాటంతట అవే వస్తాయి.

కావాల్సినవి. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను, సెకన్ల ముల్లున్న చేతిగడియారం, స్టెత్, చేత్తో గాలి కొట్టే బీపీ మెషిన్. డిజిటల్ మెషిన్‌తో ప్రాక్టీస్ చేయకండి. బండి కుదుపుల్లో దాని అంకెలు నమ్మలేం.

మొదట అంకెల పేజీ. పెద్దవారికి పల్స్ 60–100, శ్వాస 12–20, ఆక్సిజన్ 94 శాతం పైన, స్పృహ ఎంతుందో చెప్పే గ్లాస్గో స్కోరు 3 నుంచి 15. పిల్లలవి వయసువారీగా వేరే పేజీలో రాసుకోండి. ఒక పూట చాలు.

తర్వాత చేతి పనులు. సీపీఆర్‌ను చదివి నేర్చుకోలేం. బొమ్మ మీద నిమిషానికి 100–120 నొక్కులు, 5–6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. పిల్లలకు ఇద్దరు రెస్క్యూయర్లు ఉంటే 15కి 2. అలసట వచ్చేదాకా చేయండి.

ఇక షాక్. నేను చూసిన విద్యార్థుల్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. "షాక్ అంటే బీపీ పడిపోవడం" అని బట్టీ పట్టి వస్తారు. అది తప్పు. కణాలకు చాలినంత రక్తం, ఆక్సిజన్ అందకపోవడమే షాక్. బీపీ పడిపోయేది ఆలస్యంగా.

ఈ కేసు చూడండి. బైక్ ప్రమాదం, పాతికేళ్ల కుర్రాడు. పల్స్ 118, శ్వాస 26, బీపీ 114/92. చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. కంగారు పడుతూ మంచినీళ్లు అడుగుతున్నాడు. "బీపీ నార్మల్, పేషెంట్ స్టేబుల్" అని రాసేవాళ్లు ఎందరో. ఈ కుర్రాడికి లోపల రక్తం పోతూ ఉండొచ్చు.

ఎందుకో దశలవారీగా మీ మాటల్లో చెప్పగలిగేదాకా పేజీ తిప్పకండి. రక్తం తగ్గగానే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి వెళ్లే రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే చేతులు చల్లబడతాయి. నాళాలు బిగుసుకోవడం వల్ల కింది బీపీ పెరుగుతుంది, పై బీపీతో తేడా తగ్గిపోతుంది. మామూలుగా 40 దాకా ఉండే తేడా ఇతనికి 22 మాత్రమే. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే, అందులో 30 శాతం, అంటే దాదాపు లీటరున్నర పోయేదాకా పై బీపీ నిలబడి ఉండొచ్చు. అది పడిపోయాక మనకు మిగిలే సమయం చాలా తక్కువ. అందుకే ముందు చర్మం తాకండి, పల్స్ చూడండి, శ్వాస లెక్కపెట్టండి, మాటతీరు గమనించండి. బీపీ ఆ తర్వాత.

ఈ లెక్క పనిచేయనివాళ్లను కూడా నేర్చుకోవాలి. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మందులు వాడే పెద్దాయనకు రక్తం పోతున్నా పల్స్ పెరగకపోవచ్చు. ఎప్పుడూ పై బీపీ 160 ఉండే మనిషికి 110 అంటే తక్కువే. గర్భిణికి రక్తం ఎక్కువ కాబట్టి లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. నెలలు నిండుతున్నవారిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఎడమ పక్కకు ఒరిగించాలి. పిల్లల బీపీ చివరిదాకా నిలబడి ఒక్కసారిగా కూలిపోతుంది.

ఇప్పుడు షాక్ రకాలు. పొలంలో బోరు మోటారును తలుచుకోండి: మోటారు చెడొచ్చు, నీళ్లు తగ్గొచ్చు, పైపులు వదులవ్వొచ్చు, దారిలో అడ్డం పడొచ్చు. గుండెపోటు, రక్తస్రావం, సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్) లేదా అలర్జీ, టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఛాతీలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చిక్కుకుని ఒత్తిడి పెరగడం) వరుసగా వీటికి ఉదాహరణలు. నాలుగు వరుసల పట్టిక గీసి చర్మం, మెడ నరాలు, ఊపిరితిత్తుల శబ్దం, పల్స్ ఎలా ఉంటాయో పుస్తకం చూడకుండా నింపండి. రక్తస్రావంలో మెడ నరాలు ఉబ్బవు. టెన్షన్ న్యూమోథొరాక్స్‌లో సాధారణంగా ఉబ్బుతాయి, ఒకవైపు శ్వాస శబ్దం వినిపించదు. గుండెపోటు షాక్‌లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురగుర వినిపిస్తుంటే సెలైన్ ధారాళంగా ఎక్కించడం ప్రాణం మీదికి తెస్తుంది. వెన్నుపాము దెబ్బ విడిగా రాయండి: పైపులు వదులైన రకమే అయినా చర్మం వెచ్చగా, పల్స్ నెమ్మదిగా ఉంటాయి.

యాప్‌లో వందల ఎంసీక్యూలు చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. జవాబు ఎదురుగా ఉన్నప్పుడు గుర్తుపట్టడం వేరు, ఖాళీ కాగితం మీదికి తెచ్చుకోవడం వేరు. వీడియోలు చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, వైవాలో నోరు పెగలదు. పట్టిక చేత్తోనే గీయాలి, పైకి చదువుతూ గీయాలి.

చివరగా మందులు. డోసుతో పాటు ఎక్కడ ఇవ్వాలో, ఏ గాఢతో కలిపి రాయండి. అడ్రినలిన్ దగ్గర మరీ జాగ్రత్త. గుండె ఆగితే 1 మిల్లీగ్రాము నరంలోకి, 3–5 నిమిషాలకోసారి. తీవ్రమైన అలర్జీకి పెద్దవారికి 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటివైపు కండరంలోకి. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి. స్నేహితుడు కేసు చెబుతుంటే ఏది, ఎంత, ఎక్కడ అని ఆగకుండా చెప్పగలగాలి. తడబడితే ఆ పేజీ మర్నాడు పొద్దున మళ్లీ మొదటి నుంచి రాయండి.