జర్మన్ ఇన్‌ఫంట్రీ జనరల్ కెరీర్‌ని ఎలా చదవాలి

రెండో ప్రపంచ యుద్ధంలో ఏ జర్మన్ జనరల్ పేరు తగిలినా ముందే మెడల్స్ దగ్గరికి పోకండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: తేదీ, ర్యాంకు, పోస్టింగు, ఆ రోజుల్లో ఆ చోట ఏం జరిగింది. చాలామంది చివరి గడి ఖాళీగా వదిలేస్తారు, అసలు పనంతా అక్కడే ఉంది. 1944 ఆగస్టు 25న పారిస్‌లో లొంగిపోయిన అక్కడి జర్మన్ కమాండర్ డీట్రిష్ ఫాన్ కోల్టిట్స్‌ని తీసుకుందాం.

ర్యాంకు దగ్గరే తికమక. జర్మన్ల 'గెనెరల్‌మయోర్' మన మేజర్ జనరల్ కాదు, దాదాపు బ్రిగేడియర్. 'గెనెరల్‌లాయిట్‌నంట్' డివిజన్ నడిపేవాడు, ఆ పైవాడు 'గెనెరల్ డెర్ ఇన్‌ఫంటెరీ', అంటే మన లెఫ్టినెంట్ జనరల్‌లా కోర్‌ని (కొన్ని డివిజన్లు కలిసిన దళాన్ని) నడిపే స్థాయి. ఫొటో ఉంటే భుజం పట్టీ చూడండి: బంగారు, వెండి దారాలు జడలా అల్లి ఉంటాయి, దాని మీద నక్షత్రం ఒక్కటీ లేకపోతే గెనెరల్‌మయోర్, ఒకటుంటే గెనెరల్‌లాయిట్‌నంట్, రెండుంటే గెనెరల్ డెర్ ఇన్‌ఫంటెరీ. నక్షత్రం లేదు కదా, చిన్న ఆఫీసరేమో అనుకుని నేనూ బోల్తా పడ్డాను.

పేరులో ఇన్‌ఫంట్రీ ఉన్నంత మాత్రాన కాల్బలంతోనే తిరిగాడనుకోవద్దు, అది ర్యాంకు పేరు. కోల్టిట్స్ 1943లో 11వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్‌నీ నడిపాడు.

ఇక తేదీలు. 1940 మేలో లెఫ్టినెంట్ కల్నల్‌గా తన బెటాలియన్‌తో విమానాల్లో రోటర్‌డామ్‌లో దిగాడు, 1942లో క్రిమియాలోని సెవస్తపోల్ ముట్టడిలో రెజిమెంట్ నడిపాడు, 1944 జూన్‌లో నార్మండీలో 84వ కోర్ అప్పగించారు. జులై చివర్లో అమెరికన్లు అక్కడి ఫ్రంట్‌ని చీల్చేశారు, ఈయన్ని తప్పించారు, ఆ వెంటనే ఆగస్టు 1న గెనెరల్ డెర్ ఇన్‌ఫంటెరీగా ప్రమోషన్, వారం తిరక్కుండా పారిస్! కాబట్టి ప్రమోషన్ వచ్చిందంటే గెలిచాడనే అర్థం కాదు.

నాలుగో గడికి ఆయన మాటల్ని రెండు వేర్వేరు రంగులతో రాసుకోండి. మొదటి రంగు యుద్ధం తర్వాతి మాటలకి: నగరాన్ని కూల్చమన్న హిట్లర్ ఆజ్ఞని ధిక్కరించి పారిస్‌ని కాపాడానని ఆయనే చెప్పుకున్నాడు. నగరాన్ని కూల్చేంత బలగం ఆయన చేతిలో ఉందా అని చరిత్రకారులు అనుమానిస్తారు. రెండో రంగు లండన్ శివారులోని ట్రెంట్ పార్క్‌కి. అక్కడ బందీ జనరల్స్ గదుల్లో బ్రిటిష్ వాళ్లు మైకులు దాచారు, వింటూ రాసుకున్నవాళ్లలో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదులు చాలామంది. ఎవరూ వినట్లేదన్న ధీమాతో కోల్టిట్స్, తాను చేసిన పనుల్లోకెల్లా దారుణమైనది యూదులను హతమార్చడమనీ, దాన్ని తు.చ. తప్పకుండా చేశాననీ తోటి జనరల్‌తో అన్నాడు. ఇది చూసి వెంటనే క్రిమియా అని రాసేయకండి, ఆ తేదీల్లో ఆయన యూనిట్ ఎక్కడుందో, ఆ చుట్టుపక్కల ఏ హత్యాకాండ నమోదైందో మూడో గడితో సరిచూశాకే పెన్ను పెట్టండి.