డెంగీ జ్వరంలో సీబీపీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) రిపోర్టును ఎలా చూడాలి

వానలు ముదిరాక మిర్యాలగూడలోనైనా జడ్చర్లలోనైనా ల్యాబు ముందు మొదట వినిపించే ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" అన్నదే. ఆ ఒక్క అంకెను చూసి హడలిపోవడమూ, నిశ్చింతగా ఉండిపోవడమూ రెండూ ప్రమాదకరమే.

ముందుగా ప్రతి రిపోర్టు పైన అది జ్వరం మొదలైన ఎన్నో రోజుదో పెన్నుతో రాసుకోవాలి. తొలి రోజుల్లోనే తగ్గేవి తెల్ల రక్తకణాలు. సాధారణంగా 4,000 నుంచి 11,000 వరకు ఉండేవి 4,000 కంటే దిగువకు రావచ్చు. ప్లేట్‌లెట్లు 1.5 లక్షల నుంచి లక్షలోపుకు పడిపోవడం ఎక్కువగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగే సమయంలో కనిపిస్తుంది. జ్వరం దిగింది కదా అని రోగిని పనికి పంపే ఇళ్లు చాలా ఉన్నాయి. అసలు గండం ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే ఉంటుంది.

చాలామంది దాటేసే అంకె పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటా. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. మొదటి రోజు 38 ఉన్నది 46 అయితే 20 శాతానికి మించి పెరిగినట్టే. రక్తహీనత ఉన్న మన ఆడవాళ్లలో ఇది మరీ మోసం చేస్తుంది. ఎప్పుడూ 30 ఉండే మనిషికి 36 వస్తే, ఆ అంకె పక్కన ల్యాబువారు ఏ హెచ్చరికా పెట్టకపోవచ్చు, కానీ ఆమె విషయంలో అది కచ్చితంగా 20 శాతం పెరుగుదల. అందుకే పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి.

రక్తం పట్టే ఊదారంగు మూత గొట్టంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటే యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది కాబట్టి, మనిషి తేరుకుంటున్నా అంకె అనూహ్యంగా పడితే స్లైడు మీద మైక్రోస్కోపుతో చూసి నిర్ధారించమని అడగాలి. రక్తస్రావం లేనప్పుడు కేవలం అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించాలని పట్టుబట్టకూడదు. నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాడకూడదు.

రిపోర్టు ఎలా ఉన్నా, కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మగతగా ఉండడం కనిపిస్తే వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి. కోలుకునేటప్పుడు ముందు తెల్ల కణాలు పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు ఆ వెనుక వస్తాయి.