చక్కెరల పేర్లు, 4వ పాఠం: ‘డి’ ఉంటే కుడికి తిప్పుతుందా?

పోయిన పాఠంలో ఎల్-గ్లూకోజ్ గీయమంటే చాలామంది డి-గ్లూకోజ్‌లో 5వ కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ని (OH గుంపు) ఒక్కదాన్నే ఎడమకు మార్చి వదిలేశారు. అలా వచ్చేది ఎల్-ఐడోజ్, పూర్తిగా వేరే చక్కెర. డి, ఎల్ తేల్చడానికి ఆ ఒక్క కార్బన్ చాలు. ఎల్-గ్లూకోజ్ అంటే డి-గ్లూకోజ్‌కి దర్పణ ప్రతిబింబం (అద్దంలో బొమ్మ); అది కావాలంటే మాత్రం 2, 3, 4, 5 కార్బన్ల మీది హైడ్రాక్సిల్‌లు నాలుగూ మారాలి. డి-గ్లూకోజ్‌కి కుడి, ఎడమ, కుడి, కుడి. ఎల్-గ్లూకోజ్‌కి ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. బొమ్మకు ముందే ఈ నాలుగు మాటలూ పక్కన రాసుకోవడం నా పద్ధతి.

అంతకంటే మొండి తప్పు ఇంకొకటి: డి-ఫ్రక్టోజ్‌కి ప్లస్ గుర్తు పెట్టడం. ప్లస్ అంటే ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) కుడికి తిప్పడం, మైనస్ అంటే ఎడమకు. దాని విశిష్ట భ్రమణం (డెసీమీటరు పొడవు గొట్టంలో, మిల్లీలీటరుకు ఒక గ్రాము లెక్కన ఆ కాంతి తిరిగే కోణం) సుమారు −92°. డి అనేది బొమ్మలో చివరి కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గుంపులున్న కార్బన్) మీది హైడ్రాక్సిల్ కుడివైపుందని చెబుతుంది, అంతే. కాంతి ఎటు తిరుగుతుందో పోలారిమీటర్ (ఆ కోణాన్ని కొలిచే పరికరం) చెప్పాలి. ఎల్-అరాబినోజ్ చూడండి: పేరులో ఎల్, భ్రమణం సుమారు +105°. పాత పుస్తకాల్లో భ్రమణ దిశకు ఇంగ్లీషు చిన్న d, l అక్షరాలు వాడేవారు, గందరగోళం అక్కడిదే. పైగా విశిష్ట భ్రమణం గుర్తు కింద రాసే డి మూడోది: సోడియం దీపపు 589 నానోమీటర్ల గీత. మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

పంచదారను ఆమ్లంతో జలవిశ్లేషణ చేస్తే (నీటితో విడగొడితే) +66.5° కాస్తా −20° దగ్గరికి దిగుతుంది. వచ్చిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ డి-చక్కెరలే! గ్లూకోజ్ +52.7° కంటే ఫ్రక్టోజ్ −92° బలమైనది, అందుకే గుర్తు తలకిందులైంది.

ఇక కొలత. 10 గ్రాముల ఆల్ఫా-గ్లూకోజ్‌ని (డి-గ్లూకోజ్ వలయానికి ఆల్ఫా, బీటా అని రెండు రూపాలు) నీళ్లలో కరిపి 100 మిల్లీలీటర్లకు తెచ్చి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోయండి. పొడవు డెసీమీటర్లలో 2. 20 వేస్తే జవాబు పదింతలవుతుంది. కరిగిన వెంటనే 112.2 (ఆల్ఫా విశిష్ట భ్రమణం) × 2 × 0.1 (మిల్లీలీటరుకు గ్రాములు), అంటే 22.4°. అక్కడి నుంచి రీడింగ్ మెల్లగా జారి 10.5° (పైన చెప్పిన +52.7° లెక్క) దగ్గర ఆగుతుంది, ఎందుకంటే ఆల్ఫాలో కొంత బీటాగా మారుతుంది. రాత్రంతా ఉంచండి, తొందరైతే ఒక చుక్క అమోనియా వేయండి.

అభ్యాసం: బీటా +18.7° అయితే, సమతాస్థితిలో (రీడింగ్ ఆగిపోయాక) ఆల్ఫా ఎంత శాతం? తర్వాత 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పంచదార, అదే గొట్టం: జలవిశ్లేషణకు ముందు, పూర్తయ్యాక రీడింగ్‌లు కట్టండి. ఘనపరిమాణం మారలేదనుకోండి. 342 గ్రాముల పంచదార నీటితో కలిసి 360 గ్రాముల చక్కెరలవుతుందని మర్చిపోతే రెండో జవాబు తప్పుతుంది.