సంఘం సభ్యులకు నెల కబురు ఎలా రాయాలి?

"సార్, హాల్‌కు తాళం ఉంది. మీటింగ్ ఎక్కడ పెట్టిన్రు?"

నిజామాబాద్‌లో తెల్లవారుజామున బస్సెక్కి, సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో దిగి, ఆటో మాట్లాడుకుని వచ్చిన మా సభ్యుడొకరు ఫోన్లో అడిగిన మాట ఇది. తప్పు నాదే. ఆదివారం రాత్రి రాసిన కబురులో 'వచ్చే గురువారం' అని పెట్టాను. నా లెక్కలో అది పైవారం. ఆయన మంగళవారం చదివి, ఎల్లుండే అనుకున్నారు. దుకాణం మూసుకుని వచ్చిన మనిషికి చాయ్ తాగించి, క్షమాపణ చెప్పి పంపాను.

హైదరాబాద్‌లోని ఒక వ్యవసాయ వ్యాపార సంఘానికి కొన్నేళ్లుగా నెలనెలా వార్తలు, రాబోయే కార్యక్రమాలు రాసి పంపుతున్నాను. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే డీలర్లు, రైస్ మిల్లర్లు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు, పచ్చళ్లు, పొడులు తయారు చేసేవాళ్లు, నాలుగైదు ఎఫ్‌పీవోలు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు) మా సభ్యులు. సంఘాల్లో ఈ పని సాధారణంగా ఫోన్లో తెలుగు టైప్ చేయడం వచ్చిన కుర్రవాడి నెత్తిన పడుతుంది. అలా కొత్తగా పడినవాళ్ల కోసం ఇది.

ముందు క్యాలెండర్ గీయండి

రాయడానికి కూర్చునే ముందు ఏడాది క్యాలెండర్ ఒకటి గోడకు తగిలించండి. మన సభ్యుల ఏడాది జనవరిలో మొదలవదు. డీలర్లకు అది మే నెలలో, రోహిణి కార్తెకు ముందు సరుకు దింపుకోవడంతో మొదలవుతుంది. మృగశిర కార్తె, అంటే జూన్ 7, 8 తేదీలు దాటి ఒక మంచి వాన పడిందంటే పత్తి విత్తనాల కోసం దుకాణం ముందు లైను ఉంటుంది. ఆ పది పదిహేను రోజులు మీరు రెండు పేజీలు పంపినా చదివేవాడు లేడు. జూన్ కబురు ఒక్క పేజీకి కుదించండి, తేదీలు మాత్రమే ఉంచండి.

మిల్లర్ల లెక్క వేరు. వానాకాలం ధాన్యం అక్టోబరు నుంచి, యాసంగి ధాన్యం ఏప్రిల్ నుంచి కొనుగోలు కేంద్రాలకు వస్తుంది. ఆ తర్వాత సీఎంఆర్ గడువుల టెన్షన్, అంటే ప్రభుత్వ ధాన్యాన్ని మరపట్టి బియ్యంగా తిరిగి అప్పగించే గడువులు. నిజామాబాద్‌లో పసుపు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి జోరుగా వచ్చేది జనవరి తర్వాత. బాటసింగారంలో మామిడి వేసవంతా. కోల్డ్ స్టోరేజీ వాళ్లు మిర్చి దింపుకునే రోజుల్లో వాళ్లను సదస్సుకు పిలిస్తే ఖాళీ కుర్చీలు చూసుకోవాలి.

అదే క్యాలెండర్ మీద మారని గడువులు ఎర్ర పెన్నుతో రాసుకోండి. నెలనెలా జీఎస్టీ దాఖలు చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను కట్టే రిటర్న్) గడువు 20వ తేదీ. ఆహార పదార్థాలు తయారు చేసేవాళ్లు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి వార్షిక రిటర్న్‌ను మే 31లోగా వేయాలి. రెన్యువల్ అవసరమైన లైసెన్సులకు ఆ తేదీ ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి సభ్యత్వ ఫారంలోనే ఆ తేదీ అడిగి తీసుకోండి. గడువుకు రెండు నెలల ముందు విడిగా ఒక మెసేజ్ పెట్టండి. మా సంఘంలో చందా సరిగ్గా వసూలు కావడం మొదలైంది ఈ ఒక్క పనితోనే.

వార్త ఎక్కడి నుంచి?

వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ వార్త కాదు. 'రేపటి నుంచి ఫలానా మందు బంద్' అని ఎవరో పంపుతారు, దాంతో పది మంది స్టాకు వాపసు పంపడానికి కంపెనీకి ఫోన్లు చేస్తారు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: జీవో నంబరో, గెజిట్ తేదీయో, సర్క్యులర్ కాపీయో చేతికి రానిదే ఆ వార్త వేయను. కాపీ దొరక్కపోతే మండల వ్యవసాయాధికారి (ఏవో)నో, ఆయన పైన ఉండే సహాయ సంచాలకుడి (ఏడీఏ)నో అడుగుతాను. అప్పటికీ తేలకపోతే వదిలేస్తాను. ఒక నెల ఆలస్యమైనా పర్వాలేదు.

విత్తనాల చట్టం 1966ది, పురుగుమందుల చట్టం 1968ది, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985ది. కొత్తగా వచ్చేవి ఎక్కువగా వీటికో, వీటి కింది నిబంధనలకో సవరణలుగానే వస్తుంటాయి. ఈ మూడింటి కాపీలు దగ్గర పెట్టుకుంటే, వచ్చిన సర్క్యులర్‌లో ఏది కొత్తదో, ఏది ఎప్పటి నుంచో ఉన్నదో తెలిసిపోతుంది. 'ఇక నుంచి బిల్లు తప్పనిసరి' అని ఎవరో హడావుడి చేస్తారు. విత్తనాలకు బిల్లు ఇవ్వాలన్నది 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది.

శిక్షణలు, సదస్సుల సమాచారానికి హైదరాబాద్‌లో చాలా చోట్లు ఉన్నాయి. రాజేంద్రనగర్ ఒక్కదాంట్లోనే ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్, వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, నూనెగింజల సంస్థ ఉన్నాయి. సంతోష్‌నగర్ వైపు మెట్ట వ్యవసాయ పరిశోధనకు క్రీడా, పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్. వీటి వెబ్‌సైట్లు నెల మొదటి వారంలో ఒకసారి చూసినా అర పేజీ నిండుతుంది.

మార్కెట్ ధరలు మాత్రం నెల కబురులో వేయకండి. మిర్చి ధర చదివేసరికి మారిపోతుంది. ఆ తర్వాత 'మీరు రాసిన రేటు నమ్మి సరుకు ఆపుకున్నా' అని ఒకరు మొదలుపెడతారు.

వార్తను తిరగరాయడం

అసలు కష్టం ఇక్కడే. సర్క్యులర్ భాషను అలాగే దించేస్తే ఎవరూ చదవరు. ప్రతి వార్తకూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరికి? ఎప్పటి నుంచి? రేపు పొద్దున దుకాణం తెరిచాక వాళ్లు ఏం చేయాలి? మూడోదానికి జవాబు లేకపోతే ఆ వార్తకు రెండు లైన్లు చాలు.

ఒక ఉదాహరణ. 'పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు, 2015లోని నిబంధనల మేరకు కేంద్ర ప్రభుత్వం బీటీ పత్తి విత్తనాల గరిష్ఠ విక్రయ ధరను నోటిఫై చేసియున్నది' అని మొదట్లో నేనే వేశాను. ఎంత ధరో మూడో పేరాలో ఉంది. ఇప్పుడైతే ఇలా రాస్తాను:

'విత్తన డీలర్లకు: 2025-26 సీజన్‌కు బీజీ-2 (బీటీ) పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. అంతకు ముందు సీజన్‌లో 864. పాత ప్యాకెట్ మీద ముద్రించిన ఎమ్మార్పీకి మించి తీసుకోకండి. బిల్లు మీద లాట్ నంబరు రాయండి.'

నాలుగు వాక్యాలు. చివరి వాక్యానికి కారణం ఉంది. మొలక రాలేదని రైతు ఆగస్టులో వచ్చినప్పుడు డీలర్‌ను కాపాడేది ఆ లాట్ నంబరే, అంటే ఆ విత్తనం ఏ బ్యాచ్‌దో చెప్పే నంబరు. రైతుకూ నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం.

ఇంకొకటి, కాస్త చిక్కుది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. ట్రాక్టర్లు, డ్రిప్, స్ప్రింక్లర్లు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. కొన్ని జీవ పురుగుమందులు, సూక్ష్మపోషకాలు కూడా అంతే. మామూలు రసాయన పురుగుమందులు మాత్రం 18 శాతంలోనే ఉన్నాయి. 'మందుల మీద ట్యాక్స్ తగ్గింది' అని ఒక్క ముక్కలో రాస్తే డీలర్ బిల్లులన్నీ తప్పవుతాయి. ఇలాంటి వార్తలో తగ్గినవాటితోపాటు తగ్గనివి కూడా రాయాలి. తగ్గనివే ముందు రాస్తే ఇంకా మంచిది.

మద్దతు ధరలదీ అదే తీరు. 2025-26 వానాకాలానికి సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ఈ రెండు అంకెలు మిల్లరుకు చాలు. మొత్తం 14 పంటల పట్టిక వేసి సగం పేజీ నింపేసి, బాగా పనిచేశామని మనమే అనుకుంటాం.

కార్యక్రమాలు: ఒక్క తేదీ తప్పితే అంతా తప్పినట్టే

'వచ్చే గురువారం' నాకు నేర్పింది ఇది. తేదీ, నెల, ఏడాది, వారం, నాలుగూ రాయాలి. వారం, తేదీ పొసగకపోతే చదివేవాళ్లే పట్టుకుని ఫోన్ చేస్తారు, అదొక అదనపు కాపలా. సమయం దగ్గర 'ఉదయం 10.30కు' అని రాస్తే మనవాళ్లు 11.30కు వస్తారని అందరికీ తెలుసు. అందుకని 'రిజిస్ట్రేషన్ 10, మొదటి ప్రసంగం 10.45, భోజనం 1.30, ముగింపు 3.30' అని పెట్టండి. ముగింపు సమయం తప్పక ఉండాలి. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు చూసేది అదొక్కటే, తిరుగు బస్సు కోసం.

మా నమూనా ఇలా ఉంటుంది:

'సభ్యుల సమావేశం. 2026 నవంబరు 12, గురువారం. రిజిస్ట్రేషన్ 10, మొదటి ప్రసంగం 10.45, భోజనం 1.30, ముగింపు 3.30. లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి ఐదు నిమిషాలు, రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది. యాసంగి విత్తనాల లైసెన్సులు, బిల్లులపై ప్రశ్నలు, జవాబులు. ఎవరికి: విత్తన డీలర్లకు. మిల్లర్లు రానక్కర లేదు. తెచ్చుకోవాల్సినవి: లైసెన్సు కాపీ, సందేహాలు ఉంటే కాగితం మీద రాసినవి. రుసుము లేదు, భోజనం ఉంది. పేరు 9వ తేదీలోగా చెప్పాలి.'

'మిల్లర్లు రానక్కర లేదు' అన్న మాటకు మా కమిటీలో గొడవైంది. జనం తగ్గుతారని భయం. నేను ఒప్పుకోలేదు. తనకు పనికిరాని మీటింగుకు ఒకసారి వచ్చినవాడు పనికొచ్చేదానికి కూడా రాడు.

చిరునామా విషయంలో ఇంకో మాట. 'రాజేంద్రనగర్‌లో' అని రాసి వదిలేయకండి. పైన చెప్పినట్టు అక్కడ అరడజను పెద్ద క్యాంపస్‌లు, ఒక్కోదానికి రెండు మూడు గేట్లు. సంస్థ పేరు, గేటు, లోపల హాలు పేరు, లొకేషన్ లింకు ఇవ్వండి. హైటెక్స్‌లో ప్రదర్శన అయితే హైటెక్ సిటీ మెట్రోలో దిగి ఆటో పట్టుకోవాలని చెప్పండి. పటాన్‌చెరుకైతే మియాపూర్ దాకా మెట్రో, ఆపైన బస్సు.

మీరే మీటింగ్ పెడుతుంటే

హాలు బుక్ చేసే ముందు మూడు చూడాలి: పంట, పండుగ, ట్రాఫిక్. జూన్‌లో డీలర్లకు తీరిక ఉండదని ముందే చెప్పాను. ఆషాఢంలో ఆదివారాలు బోనాలు, సికింద్రాబాద్ లష్కర్ బోనాల రోజు జేబీఎస్ వైపు నుంచి రావడం కష్టం. గణేశ్ నిమజ్జనం రోజు నగరంలో ఎటూ కదల్లేం. శ్రావణంలో ముహూర్తాలున్న రోజుల్లో హాలు దొరకదు, దొరికినా అద్దె ముట్టుకోలేం. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్యదాకా సాయంత్రాలు నాంపల్లి చుట్టూ నుమాయిష్ (పారిశ్రామిక ప్రదర్శన) రద్దీ ఉంటుంది. ఆదివారమైతే అందరికీ ఖాళీ అనుకుంటాం కానీ, విత్తనాలు, ఎరువులు, మందుల డీలర్ల కోసం మేనేజ్ 2003లో మొదలుపెట్టిన డేసీ డిప్లొమా క్లాసులు చాలా చోట్ల సెలవు రోజునే నడుస్తాయి. చాలామంది డీలర్లు ఆ క్లాసుల్లో ఉంటారు.

హాలు మెట్రో పక్కన ఉంటే సగం పని అయినట్టే. వరంగల్ వాళ్లు ఉప్పల్‌లో దిగుతారు. నల్గొండ, ఖమ్మం వాళ్లకు ఎల్బీనగర్ దగ్గర. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు జేబీఎస్. ముగ్గురూ మెట్రోలో అమీర్‌పేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు తేలిగ్గా వచ్చేస్తారు. ఊరి చివర ఫంక్షన్ హాలు అద్దె తక్కువే, కానీ ఆ తేడా సభ్యుల ఆటో ఖర్చులోకి పోతుంది.

సర్వసభ్య సమావేశం అయితే నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో మీ బైలాలో చూసుకోండి, నోటీసు కబురులో కలపకుండా విడిగా పంపండి.

పంపడం

డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన మ్యాటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ప్రింట్‌కు ఇవ్వాల్సి వస్తే అప్పుడు మార్చుకోవచ్చు. పీడీఎఫ్ ఒక్కటే పంపితే చాలామంది తెరవరు. తేదీలు, గడువులు మామూలు మెసేజ్‌గా పైన, పీడీఎఫ్ కింద పెట్టండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. పైగా మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. 'నాకు రాలేదు' అన్నవాళ్లలో ఎక్కువమంది నంబరు సేవ్ చేసుకోనివాళ్లే. సభ్యత్వం ఇచ్చిన రోజే, వాళ్ల ముందే, మన నంబరు సేవ్ చేయించండి.

పంపే వేళ రాత్రి ఎనిమిదిన్నర తర్వాత బాగుంటుంది, దుకాణం లెక్కలు చూసుకున్నాక. కార్యక్రమానికి రెండు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఒకసారి గుర్తు చేయండి. అంతకంటే ఎక్కువైతే గ్రూపు మ్యూట్ చేస్తారు. భోజనాలకు చెప్పేటప్పుడు పేరు చెప్పినవాళ్లందరూ వస్తారని లెక్కేయకండి. మాకు వచ్చేది పదికి ఏడుగురు.

పొరపాటు జరిగితే పాత మెసేజ్ డిలీట్ చేసి, కొత్తది పెట్టి ఊరుకోకండి. పాతది చదివేసినవాళ్లకు మార్పు తెలియదు. 'సవరణ' అని మొదటి పదంగా పెట్టి, తప్పు తేదీ, సరైన తేదీ రెండూ పక్కపక్కన రాయండి. దూరం నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ఫోన్ చేసి చెప్పండి. నిజామాబాద్ సభ్యుడికి నేను ఇప్పటికీ చేస్తాను.