చిన్న వర్షారణ్య కప్పను గుర్తించి, దాని ఉనికి మ్యాపు గీయడం ఎలా?

కప్ప అనగానే చెరువు గట్టున బెకబెకమనే బొద్దు ప్రాణిని తలచుకుంటూ వర్షారణ్యంలో అడుగుపెడితే ఏమీ దొరకదు. అక్కడి చిన్న కప్పల్లో చాలావాటి ఒంటి పొడవు రెండు మూడు సెంటీమీటర్లే, కూత కీచురాయిని పోలి ఉంటుంది. కొన్ని మరీ చిన్నవి. పపువా న్యూగినీలో 2009లో దొరికి, 2012లో శాస్త్రీయ నామం పొందిన పేడోఫ్రైనీ అమావుఎన్సిస్ సగటు పొడవు 7.7 మిల్లీమీటర్లు. దాన్ని కనిపెట్టినవారికి మొదట వినిపించింది పురుగు చప్పుడు లాంటి కూత. అది నేల మీది ఆకుల్లోంచి వస్తోందని పసిగట్టి, ఆకులను గుప్పిళ్లతో సంచిలోకి ఎత్తి, ఒక్కొక్కటే తీసి చూస్తే గాని కప్ప బయటపడలేదు.

1. అడవికి వెళ్లే ముందు

ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. చూసి రావడానికి, చేత్తో పట్టుకోవడానికి, నమూనా తీసుకోవడానికి చాలా దేశాల్లో వేర్వేరు అనుమతులుంటాయి.

తర్వాత ఆ ప్రాంతంలో ఉండే అవకాశమున్న జాతుల జాబితా రాసుకోవాలి. యాంఫీబియావెబ్, జీబీఐఎఫ్ వంటి ఉచిత సమాచార నిధులు ఇందుకు సరిపోతాయి. ఒక్కో జాతి పక్కన అది ఏ ఎత్తుల్లో దొరికిందో, గుడ్లు ఎక్కడ పెడుతుందో రాయండి. ఈ రెండో వివరాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ వెతుకులాట మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. పడమటి కనుమల రావోర్కెస్టిస్ పొదకప్పలకు నీటిలో ఈదే తోకకప్ప దశే లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప వస్తుంది. వాటిలో కొన్ని వెదురు బోదెల లోపల గుడ్లు పెడతాయి. అలాంటి కప్ప కోసం వాగుల వెంట ఎంత తిరిగినా లాభం లేదు.

బూట్ల సంగతి మరిచిపోకండి. కప్పల చర్మానికి సోకే కైట్రిడ్ శిలీంధ్రం మధ్య అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎన్నో జాతులను దెబ్బతీసింది. బురద పూర్తిగా పోయేలా కడిగి, క్రిమిసంహారకంలో ముంచి, ఎండబెట్టాకే మరో అడవిలో అడుగుపెట్టాలి.

2. కూత పట్టుకుని దగ్గరికి చేరడం

వాన పడి వెలిసిన సాయంత్రం, చీకటి పడ్డాక మొదటి కొన్ని గంటలు మంచి సమయం. ఒంటరిగా వెళితే కూత ఎటునుంచి వస్తోందో తేల్చుకోవడం కష్టం. ఇద్దరు కొన్ని అడుగుల ఎడంగా నిలబడి, ఎవరికి ఎటు వినిపిస్తే అటు టార్చి చూపాలి. రెండు వెలుగులు కలిసేచోట వెతకాలి. దగ్గరికి వెళ్లగానే కప్ప మౌనం వహిస్తుంది. అప్పుడు కొమ్మలు కదిలించకుండా, దీపం ఆర్పి ఆగండి. మళ్లీ మొదలుపెట్టాక టార్చి వేస్తే, ఆకు అంచున గొంతు కింది సంచి బుడగలా ఉబ్బుతూ కనబడుతుంది. అదే మీ మగకప్ప. కూసేది ప్రధానంగా మగవే.

పట్టుకోకముందే కూత రికార్డు చేయండి. ఫోను కూడా పనికొస్తుంది గాని, శబ్దాన్ని కుదించే ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలుగా భద్రపరచాలి. చివర్లో తేదీ, సమయం, చోటు, గాలి ఉష్ణోగ్రత, కప్ప నేలకు ఎంత ఎత్తున ఉందో మీ గొంతుతోనే చెప్పి ముగించండి. తడిసిన నోటు పుస్తకం కన్నా ఇదే నమ్మకం. ఉష్ణోగ్రత ఎందుకంటే, వెచ్చగా ఉన్నప్పుడు అదే కప్ప త్వరత్వరగా కూస్తుంది. ఆ లెక్క లేకుండా రెండు కొండల కప్పల కూతలను పోల్చి, తేడా ఉంది కాబట్టి రెండు జాతులనుకోవడం తొందరపాటు.

3. కొలతలు, ఫొటోలు

చేతికి దోమల మందు ఉంటే కప్పను ముట్టుకోవద్దు. దాని చర్మం అన్నిటినీ పీల్చుకుంటుంది. ఒక్కో కప్పకు ఒక్కో కొత్త పారదర్శక సంచి, లోపల తడి ఆకు. మూతి కొన నుంచి మలద్వారం వరకు పొడవును కాలిపర్‌తో (రెండు దవడలుండే కొలత పరికరం) కొలవాలి. పైనుంచి, పక్కనుంచి, సంచి గుండా పొట్ట వైపు నుంచి ఫొటోలు తీయండి. ఆపై అసలైనవి: చేతివేళ్ల చివరి బిళ్లలు, కాలివేళ్ల మధ్య తోలు ఎంతవరకు ఉందో, కంటి వెనుక గుండ్రని కర్ణభేరి, కనుపాప చుట్టూ ఉండే వలయం రంగు, గజ్జల్లోనూ తొడ లోపలి వైపూ దాగిన మచ్చలు. పొదకప్పల్లో వీపు చూసి తేలని సంగతి తరచూ ఆ దాగిన మచ్చల దగ్గర తేలుతుంది. పని కాగానే, పట్టుకున్న కొమ్మ మీదే వదిలేయండి.

4. పేరు తేల్చడం

రంగును ఆఖరున లెక్కలోకి తీసుకోండి. పనామాలోని బోకాస్ డెల్ తోరో దీవుల్లో స్ట్రాబెర్రీ విషకప్ప ఒక దీవిలో ఎర్రగా, మరోచోట నీలంగానో పచ్చగానో ఉంటుంది; అన్నీ ఒకే జాతి. దీనికి పూర్తిగా ఎదురు సంగతీ ఉంది: చూపుకు అచ్చం ఒకేలా ఉండి, కూతలోనూ డీఎన్ఏలోనూ వేరైన జాతులు.

అందుకే శరీర లక్షణాలు, కూత, దొరికిన ఆవాసం కలిపి చూడాలి. ఆడాసిటీ, రేవెన్ లైట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో కూతను స్పెక్ట్రోగ్రామ్‌గా (కాలంతోపాటు పౌనఃపున్యం ఎలా మారుతుందో చూపే చిత్రంగా) చూసి, పౌనఃపున్యం, కూత నిడివి, అందులోని చిన్న చిన్న స్పందనల వేగం కొలవండి. ఇవన్నీ చూసినా తేలకపోతే మైటోకాండ్రియాలోని 16ఎస్ జన్యువును పోలుస్తారు. అది ప్రయోగశాల పని. అప్పటిదాకా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు మాత్రమే రాసి ఆపేయడంలో తప్పు లేదు. అనుమానంతో అతికించిన జాతి పేరు మ్యాపులోకి ఎక్కితే దాన్ని దించడం చాలా కష్టం.

5. బిందువులు, వాటితోపాటు సున్నాలు

అక్షాంశ రేఖాంశాలను జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పద్ధతిలో, దశాంశాల్లో రాయండి. నాలుగు దశాంశ స్థానాలంటే సుమారు 11 మీటర్ల ఖచ్చితత్వం. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ తడబడుతుంది కాబట్టి, తెర మీద అది చూపే పొరపాటు దూరాన్నీ పక్కనే రాయాలి. పాత మ్యూజియం నమూనాల మీద కొన్నిసార్లు కొండ పేరు తప్ప మరేమీ ఉండదు. కొండ మధ్యలో చుక్క పెట్టేసి ఊరుకోకుండా, అనిశ్చితి ఎన్ని కిలోమీటర్లో కూడా నమోదు చేయాలి.

నా దృష్టిలో మంచి మ్యాపుకూ నాసిరకం మ్యాపుకూ తేడా అంతా ఖాళీల దగ్గరే ఉంది. వెతికినా దొరకని చోటు వేరు, ఎవరూ వెతకని చోటు వేరు. రెండింటినీ తెల్లగా వదిలేస్తే ఆ మ్యాపు మనం నడిచిన దారులను చూపిస్తుంది తప్ప కప్పను కాదు. కాబట్టి కూత వినబడని రాత్రి కూడా చోటు, సమయం, వాతావరణం, ఎంతసేపు విన్నారో రాయండి. ఇవే మీ సున్నాలు. ఒక్కసారికే లేదని తేల్చకండి. కప్ప ఉన్నచోట ఒక రాత్రి అది వినిపించే అవకాశం సగం అనుకుంటే, మూడు రాత్రులు విన్నా వినిపించకపోయే అవకాశం ఇంకా ఎనిమిదో వంతు ఉంటుంది.

6. మ్యాపు గీయడం

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, దానితో ఈ పనంతా అవుతుంది. బిందువులను ఎక్కించి, సముద్రంలోనో పట్నం నడిబొడ్డులోనో పడినవాటిని సరిచూడండి. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే ఇలాగే జరుగుతుంది.

అన్నిటికన్నా బయటున్న బిందువుల చుట్టూ రబ్బరు బ్యాండు బిగించినట్టు వచ్చే బహుభుజి వైశాల్యం ఒక లెక్క. 2 కిలోమీటర్ల భుజమున్న గడుల్లో కప్ప దొరికినవెన్నో లెక్కించడం మరొకటి. అంతరించే ముప్పును అంచనా వేసేటప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ రెండింటినీ చూస్తుంది. బహుభుజి 5,000 చదరపు కిలోమీటర్ల కన్నా చిన్నదైతే ఆ జాతి ప్రమాదంలో ఉన్న వర్గానికి అర్హత పొందవచ్చు. అయితే అదొక్కటే చాలదు. ఆవాసం ముక్కలు కావడం, తగ్గిపోతూ ఉండడం వంటి షరతులు కూడా నెరవేరాలి.

ఈ లెక్క కోసం గీసిన బహుభుజిని కత్తిరించకూడదు. కప్ప నిజంగా ఉండే చోటును చూపే మ్యాపును విడిగా గీసి, అందులో దానికి తగని ఎత్తులను, అడవి లేని చోట్లను తీసేయాలి. బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల బ్రాకీసెఫాలస్ కప్పల్లో చాలా జాతులు ఒకటి రెండు కొండ శిఖరాలకే పరిమితం. రెండు శిఖరాల మీద దొరికింది కదా అని మధ్యలోని వెచ్చని లోయనూ కలిపి రంగు పూస్తే తప్పే. ఉండవచ్చని కంప్యూటర్ నమూనా ఊహించిన చోట్లకు వేరే రంగు వేయండి.

7. ఎవరికి ఎంత చూపాలి?

రంగురంగుల కప్పలను పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు, వాళ్లూ మ్యాపులు చదువుతారు. జీవుల ఫొటోలు, చోట్లు పంచుకునే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్ ముప్పున్న జాతుల చోటును దానంతటదే 0.2 డిగ్రీల గడిలోకి మసకబరుస్తుంది. కొత్తగా పేరు పెట్టిన జాతికి ఆ రక్షణ వెంటనే రాకపోవచ్చు కాబట్టి మీరే చోటును మరుగుపరిచే సెట్టింగు ఎంచుకోండి. ఫొటోల ఫైళ్లలో దాగి ఉండే జీపీఎస్ వివరాలను కూడా తీసేసి పంచుకోండి. ఖచ్చితమైన బిందువులు, అసలు రికార్డింగులు, సున్నాల పట్టిక మాత్రం మ్యూజియానికి, అటవీశాఖకు పూర్తిగా అందజేయండి.