మార్చి లెక్కలకు ముందు: సాంబా సర్వర్‌లో యూజర్ల జోలికి వెళ్లేటప్పుడు జాగ్రత్తలు

ఒంగోలు, చీమకుర్తి వైపు ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే మాకు మార్చి వచ్చిందంటే ఊపిరాడదు. 31వ తేదీ లోపల లెక్కలు ముగియాలి. ఆడిటర్ దగ్గర నుంచి ఇద్దరు పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని దిగుతారు. గ్రానైట్ ఎగుమతి కాగితాలు చూసే అబ్బాయి సరిగ్గా అప్పుడే మానేస్తాడు, అతని సీట్లోకి కొత్తవాడు వస్తాడు. అందరికీ ఉమ్మడి ఫోల్డర్ కావాలి, అదీ ఇప్పటికిప్పుడు కావాలి. ఈ తొందరలో టెర్మినల్ తెరిచి ఒకరిని కలుపుతాం, ఇంకొకరిని తీసేస్తాం. నేను చేసిన పొరపాట్లలో ఎక్కువ ఈ నెలలో చేసినవే. అందుకే ఫిబ్రవరిలోనే చదివి పెట్టుకోమని ఇది రాస్తున్నాను. సాంబా అంటే లైనక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను ఆఫీసులోని విండోస్ సిస్టంలకు పంచే సాఫ్ట్‌వేర్. మీ దగ్గర ఉబుంటు అనే లైనక్స్ మీద నడిచే సాంబా ఉందనుకోండి, కమాండ్లన్నిటికీ ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపించే మాట) ఉందనుకోండి.

సాంబాలో ఒక్కో మనిషికి రెండు చోట్ల పేరుంటుంది. లైనక్స్ ఖాతా ఒకటి, సాంబా సొంతంగా పెట్టుకునే పాస్‌వర్డ్ చిట్టా ఇంకొకటి. చాలామంది లైనక్స్ పాస్‌వర్డ్‌లు చూసుకునే పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కి డ్యాష్ ఎల్ తగిలించి లైనక్స్ ఖాతాకు తాళం వేసి, మనిషిని ఆపేశామనుకుంటారు. సాంబా పాస్‌వర్డ్ చూసుకునేది తన చిట్టాలో, ఆ తాళాన్ని అది పట్టించుకోదు. మానేసిన మనిషి తన పాత పాస్‌వర్డ్‌తో విండోస్ నుంచి ఫోల్డర్ తెరుస్తూనే ఉంటాడు. ఆపాలంటే సాంబా చిట్టాను మార్చే కమాండ్ ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ కొట్టి, డ్యాష్ డి, పక్కన అతని పేరు. ఆ తర్వాత చిట్టాను చూపించే పీడీబీఎడిట్‌కి పెద్ద ఎల్, చిన్న వి ఇచ్చి, ఆ పేరు కింద అకౌంట్ ఫ్లాగ్స్ అనే వరుస చూడండి. యూ పక్కన డి పడితేనే ఖాతా ఆగినట్టు.

అదే ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీకి డ్యాష్ ఎక్స్ ఇచ్చి పేరును చిట్టాలోంచి ఏకంగా తీసేస్తే పోలేదా అంటారా? మార్చిలో ఆ పని చేయొద్దు. ఉబుంటుతో వచ్చే సాంబా సెట్టింగుల ఫైల్లో మ్యాప్ టు గెస్ట్ అనే వరుస ఉంటుంది, దాని విలువ బ్యాడ్ యూజర్. అంటే చిట్టాలో లేని పేరుతో ఎవరైనా వస్తే వాళ్లను అతిథి కింద లెక్కేస్తుంది. గెస్ట్ ఓకే అని పెట్టిన ఫోల్డర్ ఒక్కటున్నా, మీరు పేరు కొట్టేసిన మనిషికి ఆ తలుపు తెరుచుకుంటుంది. ఖాతా ఆపి ఉంచితే మాత్రం పేరు చిట్టాలోనే ఉంటుంది కాబట్టి అతన్ని లోపలికి రానివ్వదు. ముందుగా సాంబా సెట్టింగులు చూపించే టెస్ట్‌పార్మ్ కొట్టి గెస్ట్ ఓకే ఎక్కడెక్కడ ఉందో వెతకండి, అవసరం లేనిచోట తీసేయండి.

ఇంకో సంగతి. ఖాతా ఆపినంత మాత్రాన అప్పటికే లోపలున్న మనిషి బయటికి పోడు. ఎస్‌ఎంబీస్టేటస్ కొడితే ఎవరు ఏ మిషన్ నుంచి ఉన్నారో, ఏ ఫైలు పట్టుకుని ఉన్నారో చూపిస్తుంది, పక్కనే ప్రాసెస్ నంబరు ఇస్తుంది. ఆ నంబరును కిల్ చేస్తే ఆ కనెక్షన్ తెగుతుంది. తెంపే ముందు ఫోన్ చేసి, తెరిచి ఉన్న ఎక్సెల్ సేవ్ చేయించండి. సగం కొట్టిన లెక్క పోతే మళ్లీ కూర్చుని కొట్టాల్సింది ఆ మనిషే.

ఇక యూజర్‌మాడ్, అంటే యూజర్ ఏ గ్రూపుల్లో ఉండాలో మార్చే కమాండ్. మా దగ్గర ఏ గ్రూపులో ఉన్నవాళ్లకు ఆ గ్రూపు ఫోల్డర్లే తెరుచుకుంటాయి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక ఏడాది మార్చి 28 సాయంత్రం, ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే అక్కను ఆడిట్ గ్రూపులో చేర్చమన్నారు. యూజర్‌మాడ్, పెద్ద జీ, ఆడిట్, అక్క పేరు కొట్టాను. చిన్న ఏ వదిలేశాను. పెద్ద జీ ఒక్కటే ఇస్తే ఉన్న గ్రూపులకు కొత్తది కలపదు, పాతవన్నీ కొట్టేసి ఆ ఒక్కటే ఉంచుతుంది. సాయంత్రం ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అక్క కనెక్షన్ పాత గ్రూపులతోనే నడుస్తోంది. పొద్దున్నే సిస్టం ఆన్ చేయగానే ఫోన్: "ఏందబ్బాయ్, నిన్న పోయేదాకా బాగానే ఉందే, జీతాల ఫోల్డర్ రావట్లా. డిస్పాచ్‌దీ రావట్లా. ఇయ్యాల ఆడిటరు వస్తాడు, ఎట్టా?"

ఎవరు ఏ గ్రూపుల్లో ఉన్నారో చూపించే ఐడి కమాండ్ కొట్టి చూస్తే అక్క పేరు పక్కన సొంత గ్రూపు, ఆడిట్ తప్ప ఇంకేం లేవు. అంతకుముందు ఏమేం ఉండేవో నేను రాసుకోలేదు. ఈటీసీ డైరెక్టరీలో గ్రూప్ అనే ఫైలు పక్కనే, అదే పేరు చివర చిన్న గీతతో ఇంకో ఫైలు ఉంటుంది, అది మార్పుకు ముందటి నకలు. దాన్ని చూసి అకౌంట్స్, జీతాలు, డిస్పాచ్ మూడూ తిరిగి చేర్చాను. అక్క లాగాఫ్ అయి మళ్లీ వచ్చాక ఫోల్డర్లు తెరుచుకున్నాయి. ఆ నకలు ఒక్క మెట్టు వెనక్కే. మధ్యలో ఇంకో గ్రూపు మార్పు చేసి ఉంటే అదీ పోయేది. అప్పట్నుంచి యూజర్‌మాడ్ కొట్టే ముందు ఐడి కొట్టి, వచ్చిన వరుసను నోట్‌బుక్‌లో రాసుకుంటాను. గ్రూపులో చేర్చడానికి చిన్న ఏ, పెద్ద జీ కలిపి, గ్రూపు నుంచి తీయడానికి జీపాస్‌డబ్ల్యూడీ డ్యాష్ డి.

లైనక్స్ ఖాతాను తీసేసే యూజర్‌డెల్ కూడా అంతే ప్రమాదం. డ్యాష్ ఆర్ తగిలిస్తే హోమ్ ఫోల్డర్ మొత్తం పోతుంది, అందులో ఆ మనిషి దాచుకున్న ఇన్‌వాయిస్‌లతో సహా. ఆర్ లేకుండా తీసినా చిక్కుంది. ఫైళ్ల మీద లైనక్స్ రాసుకునేది మనిషి పేరు కాదు, నంబరు. చివరగా చేర్చిన యూజర్‌ను తీసేసి వెంటనే కొత్తవాణ్ణి చేరిస్తే, మామూలుగా కొత్తవాడికి అదే నంబరు వస్తుంది. వచ్చిన రోజే పాతవాడి ఫైళ్లన్నిటికీ వాడు యజమాని అయిపోతాడు. లెక్కలు మూసేదాకా యూజర్‌డెల్ ముట్టుకోకండి.

ఆడిటర్ పిల్లలకు ఎవరి ఖాతా వాళ్లకే ఇవ్వండి. ఇద్దరికీ కలిపి ఒకటిస్తే, ఫైలు ఎవరు చెరిపారన్న ప్రశ్న వచ్చినప్పుడు జవాబుండదు. ఖాతా తెరిచే యూజర్‌యాడ్‌కి పెద్ద ఎం ఇస్తే హోమ్ ఫోల్డర్ తయారవదు, షెల్ నోలాగిన్ పెడితే సర్వర్‌లోకి నేరుగా లాగిన్ అవలేరు. తర్వాత సాంబా చిట్టాలో చేర్చడానికి ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ డ్యాష్ ఏ. పాస్‌వర్డ్ అది అడిగినప్పుడే కొట్టండి. ఎకోతో కమాండ్ వరుసలోనే కలిపి పంపితే అది హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో, అక్షరం పొల్లుపోకుండా మిగిలిపోతుంది.

వీటన్నిటికీ ముందు చిట్టా నకలు తీయండి. సాంబా ప్రైవేట్ డైరెక్టరీలో పాస్‌డీబీ అనే టీడీబీ ఫైలు ఉంటుంది, చిట్టా అదే. సర్వర్ నడుస్తుండగా మామూలు కాపీ వద్దు, టీడీబీబ్యాకప్ వాడండి. ఆ నకలును పెన్‌డ్రైవ్‌లో వేసి టేబుల్ మీద వదలకండి. అందులోని హాష్‌లు (పాస్‌వర్డ్‌ల బదులు దాచే గుర్తులు) చేతికి చిక్కితే అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి రావచ్చు.

పాస్‌వర్డ్ మార్చిన రోజు ఆ మనిషి సీటు దాకా వెళ్లి, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచి ఉన్న పాతది తీసేయండి. లేకపోతే సిస్టం పాత పాస్‌వర్డ్‌నే పంపుతూ ఉంటుంది. తప్పు ప్రయత్నాలకు మీరు ఐదు అని హద్దు పెట్టి ఉంటే ఖాతా తనంతట తనే లాక్ అవుతుంది, ఆ మనిషి మాత్రం నేనేమీ ముట్టుకోలేదంటాడు. నిజంగానే ముట్టుకోలేదు.

ఆడిటర్ పిల్లల ఖాతాలు ఆపే తేదీని చేర్చిన రోజే రాసుకోండి. ఏప్రిల్‌లో పని తగ్గాక, ఆపి ఉంచిన ఒక్కో పేరు మీద ఫైండ్ కొట్టి అతని ఫైళ్లెక్కడున్నాయో చూసి, కొత్త మనిషికి చౌన్ చేసి (ఫైలు యజమానిని మార్చి), అప్పుడు ఖాతా తీసేయండి. చివర్లో ఫైండ్‌కి నోయూజర్ ఇచ్చి, యజమాని లేని ఫైళ్లున్నాయేమో ఒకసారి చూడండి. ఏ ఫైలూ రాకపోతే మార్చి పని అయినట్టే.