డాలస్‌లో ఎక్కిన కొడుకు శంషాబాద్‌లో ఎప్పుడు దిగుతాడు: లెక్క ఇలా వేయండి

నాది జడ్చర్ల. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కారు తోలుతాను. ఎక్కిన తల్లిదండ్రులు షాద్‌నగర్ దాటకముందే అడుగుతారు, "మా పిలగాడు ఎన్ని గంటలు గాల్లో ఉంటడు?" అని.

ముందు దూరం. అట్లాసు మీద స్కేలు పెట్టకండి, తప్పొస్తుంది. గ్లోబు, దారం తీసుకోండి. భూమధ్యరేఖ చుట్టూ దారం తిప్పితే అది 40,000 కిలోమీటర్లు. మా పాప గ్లోబుకు 60 సెంటీమీటర్లు వచ్చింది, అంటే సెంటీమీటరుకు 667 కిలోమీటర్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి లాగండి. పడమటికి పోదు, ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది! మొదటిసారి నేనే నమ్మలేదు. 21.5 సెంటీమీటర్లు, అంటే 14,300 కిలోమీటర్ల పైమాటే. విమానం గంటకు 900 దాకా పోతుంది కాబట్టి 16 గంటలు. కాకపోతే ఇది పక్షి లెక్క. దుబాయ్ మీదుగా అయితే దూరం 15,500కు దగ్గర, అక్కడ ఆగే గంటలు వేరే.

అసలు తిప్పలు గడియారంతోనే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. అందుకని డాలస్ టైమును ముందు మన టైములోకి మార్చాలి: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదకొండున్నర గంటలు కలపండి.

జులైలో ఒకమ్మ కొడుకు టికెట్ చూడండి. డాలస్‌లో గురువారం మధ్యాహ్నం 2:40కి ఎక్కాడు, ఇక్కడ దిగేది శనివారం 00:40. ఊరికే లెక్కేస్తే 34 గంటలు. మన టైములో అతను బయల్దేరింది శుక్రవారం తెల్లవారుజామున 1:10కి. అంటే ప్రయాణం 23 గంటల 30 నిమిషాలే.

ఆ టికెట్‌తోనే మేం దెబ్బతిన్నాం. "శనివారం రాత్రి దిగుతడు బిడ్డా" అంది ఆ అమ్మ, నేనూ సరే అన్నాను. మనకు తెల్లవారితే రోజు మారుతుంది, టికెట్‌కు అర్ధరాత్రే మారుతుంది. శనివారం 00:40 అంటే మన మాటల్లో శుక్రవారం రాత్రి. పిల్లాడు దిగి ఫోన్ చేసేసరికి నేను మంచి నిద్రలో ఉన్నాను. అప్పటి నుంచి 00తో మొదలయ్యే టైము కనిపిస్తే ముందు రోజు పేరు చెప్పి రెండుసార్లు అడుగుతాను.

పోయేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. తెల్లవారుజామున ఎక్కినవాడు అదే రోజు సాయంత్రం డాలస్‌లో దిగినట్టు కనిపిస్తుంది. పన్నెండు గంటల్లోనే పోయాడని మురిసిపోకండి, అక్కడా మన టైములోకి మార్చి చూడండి. పైగా అటు పోవడానికే కాస్త ఎక్కువ పడుతుంది, పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి.

దిగాక ఇమిగ్రేషన్, సామాన్లకు ఓ గంట వేసుకోండి. 00:40 విమానానికి జడ్చర్లలో పన్నెండుంబావుకు బయల్దేరినా చాలు. నేనీ మాట చెబుతూనే ఉంటాను, అమ్మలు మాత్రం తొమ్మిదింటికే టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడి ఉంటారు.